డార్విన్ సిద్ధాంతానికి బ్రెజిల్ అడవిలో పరీక్ష పెట్టిన లెక్కల మాస్టారు

మీరు అడిగింది ఇది: పందొమ్మిదో శతాబ్దంలో పుట్టిన దేశం వదిలి ఎక్కడో స్థిరపడి, బతుకుతెరువు చూసుకుంటూనే ప్రకృతి శాస్త్రంలో పనిచేసినవాళ్ల జీవితం నిజంగా ఎలా ఉండేది? యూరప్‌లోని పెద్దవాళ్లకి నమూనాలు పంపడమేనా వాళ్ల పని? బీఎస్సీ జువాలజీ చదువుతున్న మీ అమ్మాయి సెమినార్‌కి ఇలాంటి ఒకరిని ఎంచుకోవాలనుకుంటోందని కూడా రాశారు.

నేను ఏళ్ల తరబడి డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్పాను. ఈ ప్రశ్న ఎవరు అడిగినా నాకు ముందు గుర్తొచ్చే మనిషి ఫ్రిట్స్ ముల్లర్. మన పుస్తకాల్లో ‘ముల్లేరియన్ మిమిక్రీ’ (విషమున్న జాతులు ఒకదాన్నొకటి పోలి ఉండటం) అని ఒక పేరాలో తేల్చేస్తారు. ఇంకాస్త వివరంగా రాసేవాళ్లు ‘బ్రెజిల్‌లో ఉన్న డార్విన్ మిత్రుడు’ అంటారు. ఈ రెండో మాట నాకు మింగుడుపడదు. మిత్రుడన్నది నిజమే. కానీ ముల్లర్ చేసింది నమూనాలు ఏరి పంపడం కాదు. డార్విన్ సిద్ధాంతం నిలబడుతుందా కూలుతుందా అని ఒక లెక్కల మాస్టారిలా పరీక్ష పెట్టి చూశారు. ఆయన జీవితమంతా ఈ కోణంలోంచి చూస్తేనే అర్థమవుతుందని నా అభిప్రాయం.

మొదట మనిషి సంగతి. 1820ల మొదట్లో జర్మనీలో ఎర్ఫుర్ట్ పక్కన ఒక పల్లెలో, పాస్టర్ ఇంట్లో పుట్టారు. కొన్నాళ్లు మందుల తయారీ పని నేర్చుకుని, ఆ తర్వాత బెర్లిన్‌లో, గ్రైఫ్స్‌వాల్డ్‌లో లెక్కలూ ప్రకృతి శాస్త్రమూ చదివారు. 1844లో జలగల మీద పరిశోధనకి డాక్టరేట్ వచ్చింది. అది చాలక వైద్యం కూడా చదివారు. ఓడలో డాక్టరుగా చేరితే దేశాలు చూడవచ్చని ఆశ. చదువు పూర్తయింది గానీ పట్టా చేతికి రాలేదు. పట్టా పుచ్చుకునేటప్పుడు దేవుడి మీద, సువార్త మీద ప్రమాణం చేయాలి. అప్పటికే ఆయనకి దేవుడి మీద నమ్మకం పోయింది. నమ్మకం లేనప్పుడు ప్రమాణం చేస్తే అబద్ధమాడినట్టే అని నిరాకరించారు. నాలుగు ముక్కలు పెదవుల మీద పలికేస్తే జీవితాంతం డాక్టరుగా హాయిగా బతికేవారు. పలకలేదు. 1848 విప్లవం అణిగిపోయిన రోజులవి. అలాంటి మనిషికి ప్రష్యాలో, అంటే ఆ ప్రాంతాన్నేలిన జర్మన్ రాజ్యంలో, ఉద్యోగం పుట్టే దారి లేదు. కొన్నేళ్లు పొమెరేనియాలో ఇళ్లల్లో పిల్లలకి చదువు చెప్పి నెట్టుకొచ్చారు.

ఆ రోజుల్లోనే హెర్మన్ బ్లూమెనావ్ అనే జర్మన్ ఫార్మసిస్టు దక్షిణ బ్రెజిల్‌లో, సాంతా కాతరీనా రాష్ట్రంలో, ఇతాజాయీ నది ఒడ్డున 1850లో ఒక వలస ఊరు కట్టారు. ఇప్పటికీ ఆ ఊరికి ఆయన పేరే. 1852లో ముల్లర్, భార్య కరోలినా, తమ్ముడు ఆగస్ట్, ఆయన భార్య ఓడెక్కి అక్కడికి చేరారు. మీ ప్రశ్నలో ‘బతుకుతెరువు చూసుకుంటూ’ అన్నారు చూడండి, అదేంటో ఇక్కడ తెలుస్తుంది. రెండు విశ్వవిద్యాలయాల్లో చదివి డాక్టరేట్ పుచ్చుకున్న మనిషి గొడ్డలి పట్టి అడవి నరికారు. గుడిసె వేసుకున్నారు. మొక్కజొన్న వేశారు. అడవిలో చెప్పుల్లేకుండానే తిరిగేవారు. తొలి నాలుగేళ్లలో సైన్స్‌కి మిగిలిన సమయం తక్కువే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకి పోతే న్యాయం కాదు. ఆ అడవి ఖాళీ అడవి కాదు. షోక్లెంగ్ అనే ఆదివాసుల నేల అది. బ్లూమెనావ్ కాలనీలో బానిసలని పెట్టుకోకూడదన్న నియమం ఉండేది, అది మెచ్చుకోదగ్గదే. కానీ వలసదారులు నది వెంట పైకి జరిగేకొద్దీ షోక్లెంగ్‌లు నేల కోల్పోయారు. తర్వాతి దశాబ్దాల్లో వాళ్లని వేటాడటానికి కిరాయి ముఠాలే నడిచాయి. వలస శాస్త్రవేత్తల కథలు చెప్పేటప్పుడు మనం అడవినీ సీతాకోకచిలుకల్నీ చూపించి ఈ మనుషుల్ని తెర వెనక్కి నెట్టేస్తాం. మీ అమ్మాయి సెమినార్‌లో ఇది ఒక స్లైడయినా ఉండాలి.

1856లో సాంతా కాతరీనా రాజధాని దెస్తేర్రోలో కొత్తగా పెట్టిన కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం దొరికింది. ఇప్పటి ఫ్లోరియానోపోలిస్ అదే, సముద్రంలో ఒక ద్వీపం మీద ఊరు. ఆయన అసలు జీవితం ఇక్కడ మొదలైందంటాను. ఉదయం తరగతిలో లెక్కలు, మిగతా వేళ సముద్రపు ఒడ్డున పీతలు, రొయ్యలు, ఇసుక పురుగులు. 1861 ప్రాంతంలో డార్విన్ ‘జాతుల పుట్టుక’ పుస్తకం జర్మన్ అనువాదం చేతికొచ్చింది. చదివిన చాలామంది పొగిడారు లేదా తిట్టారు. ముల్లర్ ఈ రెండూ చేయలేదు. లెక్కల్లో మనం ఏం చేస్తాం? ఒక విషయం నిజమని అనుకుంటాం, దాని వెంట చివరిదాకా వెళ్తాం. తప్పయితే ఎక్కడో ఒకచోట ఒకదానికొకటి పొసగని ఫలితం బయటపడుతుంది. ఆయనా అదే చేశారు: డార్విన్ చెప్పింది నిజమని అనుకుని, పీతలూ రొయ్యలూ ఉండే క్రస్టేషియన్ల వర్గం మొత్తానికి దాన్ని వర్తింపజేస్తే ఏమేం కనిపించాలో ముందే రాసుకుని, ఒడ్డుకి వెళ్లి చూశారు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. పీతలు నీటి జంతువులు, మొప్పలతో ఊపిరి పీలుస్తాయి. అయినా కొన్ని జాతులు గట్టెక్కి గాలి పీలుస్తూ తిరుగుతాయి. అలాంటివి వేరు వేరు కుటుంబాల్లో ఉన్నాయి. ఎవరో ఒకేసారి ఒకే ప్లాను ప్రకారం వీటిని తయారు చేసి ఉంటే, గాలి లోపలికి పోయే ఏర్పాటు అన్నిటిలో ఒకేలా ఉండొచ్చు. డార్విన్ చెప్పినట్టు అయితే అలా ఉండకూడదు. ఎందుకంటే కుటుంబాలు విడిపోయింది నీటిలో ఉన్నప్పుడే, గట్టెక్కింది ఆ తర్వాత ఎవరికి వారుగా. కాబట్టి ప్రతి కుటుంబమూ తన దారి తాను వెతుక్కుని ఉండాలి. ముల్లర్ పీతల్ని పట్టి చూశారు. ఇసుకలో బొరియలు చేసుకుని మెరుపులా పరిగెత్తే ఓసిపోడ్ పీతలో, డెక్కలు వదిలేసి లెక్కపెడితే రెండో మూడో కాళ్ల మొదళ్ల మధ్య ఒక చిన్న రంధ్రం, దాని అంచున దట్టంగా నూగు. మడ చెట్ల మధ్య తిరిగే ఇంకో కుటుంబపు పీతలో ఆ రంధ్రం లేదు. అది వీపు చిప్పని వెనక వైపు కాస్త పైకెత్తి, చివరి కాళ్ల పైనుంచి గాలి తీసుకుంటుంది. అనుకున్నది అనుకున్నట్టే కనిపించింది. ఓసిపోడ్ పీతలు మన విశాఖ, కాకినాడ, సూర్యలంక తీరాల్లో కోకొల్లలు. ఒకదాన్ని పట్టుకుని కాళ్ల మధ్య భూతద్దంతో చూస్తే ఆ నూగు అంచు మీకే కనిపిస్తుంది. పట్టుకునేటప్పుడు డెక్కలతో జాగ్రత్త.

రెండోది రొయ్య. ఇది మన కోస్తా వాళ్లందరికీ దగ్గర విషయం. హేచరీలో పనిచేసిన ఎవరినైనా అడగండి, తల్లి రొయ్య గుడ్లు వదిలాక ముందు వచ్చేది ‘నాప్లి’ (శాస్త్రంలో నాప్లియస్) అంటారు. రొయ్య పోలికే ఉండదు. గుడ్డు ఆకారంలో చిన్న ఒళ్లు, మూడు జతల కాళ్లు, నడుమ ఒకే కన్ను. మేత అక్కర్లేదు, లోపలున్న పచ్చసొన మీదే బతుకుతుంది. దీపం చూపిస్తే అటు ఈదుకుంటూ వస్తుంది, హేచరీలో వాటిని పోగు చేసేది ఆ గుణంతోనే. తర్వాత జోయియా, తర్వాత మైసిస్, ఆ తర్వాత చెరువుకి పోయే పీఎల్ (పోస్ట్ లార్వా). రొయ్య జీవితం ఈ నాప్లియస్‌తో మొదలవుతుందని లోకానికి మొదట చెప్పింది ముల్లర్. దెస్తేర్రో సముద్రంలో దొరికిన పిల్లల్ని సైజు ప్రకారం, ఆకారం ప్రకారం వరసలో పెట్టి, ఒకటి ఇంకోటిగా ఎలా మారుతుందో పట్టుకుని 1863లో ప్రచురించారు. అప్పటిదాకా నాప్లియస్ అంటే రాళ్లకి అంటుకునే బార్నకిల్స్ లాంటి ‘కింది తరగతి’ జీవుల పిల్ల అని పేరు. రొయ్య కూడా అదే రూపంతో మొదలవుతుందంటే రెండింటికీ పాత చుట్టరికం ఉందన్నమాట. మన భీమవరం, నెల్లూరు ప్రాంతాల్లో రోజూ లక్షల్లో చేతులు మారే నాప్లికి ఇంత చరిత్ర ఉందని అక్కడ పనిచేసే కుర్రాళ్లకి ఎవరూ చెప్పరు. అది నాకు ఎప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది.

ఇదంతా కలిపి 1864లో లైప్‌జిగ్‌లో ‘ఫ్యూర్ డార్విన్’ (డార్విన్ పక్షాన) అనే పుస్తకంగా వచ్చింది. చిన్న పుస్తకం. పిండ దశల్లో జీవి తన పూర్వీకుల చరిత్రని కొంతవరకు చూపిస్తుందన్న ఆలోచన ఇందులో ఉంది. ఆ చరిత్ర చెరిగిపోతుందనీ, పిల్లలు తమ బతుకు పోరులో మార్పులు తెచ్చుకుంటాయనీ ముల్లర్ అక్కడే హెచ్చరించారు. తర్వాత జర్మన్ జీవశాస్త్రవేత్త హెకెల్ దీన్నే పెద్ద నియమంగా ప్రకటించేసరికి ఆ హెచ్చరిక వెనకబడిపోయింది. హెకెల్ నియమాన్ని ఆ రూపంలో ఇప్పుడెవరూ ఒప్పుకోరు. ఆ తప్పుని ముల్లర్ ఖాతాలో వేసేవాళ్లు మూల పుస్తకం చదవలేదని నేను అనుకుంటాను.

డార్విన్‌కి జర్మన్ చదవడం కష్టంగా ఉండేది. అయినా చదివి, 1865 ఆగస్టులో మొదటి ఉత్తరం రాశారు. అప్పటినుంచి 1882లో డార్విన్ పోయేదాకా ఉత్తరాలు ఆగలేదు. ఇంగ్లీషు అనువాదాన్ని డబ్ల్యూ. ఎస్. డల్లాస్ చేత చేయించి, 1869లో సొంత ఖర్చుతో అచ్చువేయించారు డార్విన్. ముల్లర్‌ని పరిశీలకుల్లో రాజు అనేవారు. ఇద్దరూ ఒక్కసారి కూడా కలుసుకోలేదు. డార్విన్ ప్రశ్నలు పంపితే ముల్లర్ తోటలో, అడవిలో చూసి జవాబు రాసేవారు. కొన్ని ఆర్కిడ్లకి తమ సొంత పుప్పొడే విషంలా పనిచేసి పువ్వు మాడిపోతుందని ఆయన రాసిన సంగతి డార్విన్ పుస్తకంలోకి ఎక్కింది. కూతురు రోజా కూడా మొక్కల్ని గమనించి చెప్పేది. ఉత్తరాలు ఓడల మీద వారాల తరబడి ప్రయాణించేవి. నది వరదలకి దారులు మూసుకుపోయేవి. అయినా ఆ ఉత్తరాల్లో ఎక్కడా యజమాని, సేవకుడు అన్న ధోరణి కనిపించదు. ‘నమూనాలు పంపడమేనా’ అన్న మీ ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. ఏం వెతకాలో నిర్ణయించుకున్నది చాలాసార్లు ముల్లరే.

దెస్తేర్రో ఉద్యోగం నిలవలేదు. కాలేజీ జెస్యూట్లనే కాథలిక్ మతగురువుల చేతికి వెళ్లింది. దేవుణ్ణి నమ్మని మాస్టారికి అక్కడ చోటెక్కడ? 1867లో మళ్లీ బ్లూమెనావ్. సముద్రం దూరమైంది. మామూలు మనిషయితే పరిశోధన పోయిందని బాధపడేవాడు. ముల్లర్ అడవి వైపు తిరిగారు. ఈ భాగం ఎంత చెప్పినా తరగదు గనుక రెండే చెబుతాను. సెక్రోపియా అనే చెట్టు కాండం బోలుగా ఉంటుంది, లోపల చీమలు కాపురం. ఆకు కాడ మొదట్లో గోధుమ రంగు మెత్తటి దిండులాంటి భాగం మీద తెల్లటి చిన్న గుళికలు పుడుతుంటాయి. చీమలు వాటిని తిని, ఆకులు కత్తిరించే చీమలు వస్తే తరిమేస్తాయి. అంటే చెట్టు కూలికి అన్నం పెడుతోంది. ఆ గుళికలకి ఇప్పటికీ ముల్లర్ పేరే. చెట్ల కొమ్మల మీద పెరిగే బ్రొమీలియాడ్ మొక్కల ఆకుల మధ్య నిలిచిన కాసిన్ని నీళ్లలో, ఇంకెక్కడా లేని ఒక బుల్లి పెంకు జీవి బతుకుతోందని కనిపెట్టింది కూడా ఆయనే. సముద్రం పోతే ఆకు దొప్పలోనే క్రస్టేషియన్‌ని వెతికి పట్టిన మనిషి!

1876లో రియో డి జనీరోలోని నేషనల్ మ్యూజియం ఆయన్ని సంచార ప్రకృతి శాస్త్రవేత్తగా జీతానికి పెట్టుకుంది. ఇంట్లో ఉంటూ ఆ ప్రాంతమంతా తిరిగి రాయడం పని. ఈ కాలంలోనే మిమిక్రీ లెక్క వచ్చింది.

అంతకుముందు 1862లో బేట్స్ అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త ఒక సంగతి చెప్పారు: రుచిలేని, విషమున్న సీతాకోకచిలుకని విషం లేనిది అనుకరిస్తే పక్షులు మోసపోతాయని. మన దగ్గర కూడా ఉంది ఇది. జిల్లేడు మీద పెరిగే ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుకకి ఆ చెట్టు విషం ఒంటికి పడుతుంది. గంగపాయల కూర తిని పెరిగే డానాయిడ్ ఎగ్‌ఫ్లైలో ఆడది అచ్చం దానిలాగే ఉంటుంది. ఇంతవరకు సులువే. కానీ రెండు వేరు వేరు గుంపుల సీతాకోకచిలుకలు, రెండూ విషం ఉన్నవే, ఒకేలా ఉంటే? ఎవరు ఎవర్ని మోసం చేస్తున్నట్టు? బేట్స్ దగ్గర దీనికి తృప్తికరమైన జవాబు లేదు. ముల్లర్ 1878లో, మళ్లీ 1879లో ఇతూనా, థిరీడియా అనే రెండింటి ఉదాహరణతో జవాబు చెప్పారు. పక్షి పుట్టుకతో ఏది చేదో తెలుసుకుని రాదు, రుచి చూసి నేర్చుకుంటుంది. ఆ పాఠానికి కొన్ని సీతాకోకచిలుకలు బలి కావాలి. పాఠం ఖర్చు రెండు జాతులూ పంచుకుంటే?

ఆయన వేసిన లెక్కే చూడండి. ఒక ప్రాంతంలో ఒక జాతి 10,000, ఇంకోటి 2,000 ఉన్నాయి. పక్షులు ఒక రూపాన్ని వదిలేయడం నేర్చుకునేలోపు 1,200 సీతాకోకచిలుకలు చస్తాయి. రెండూ వేరు వేరుగా కనిపిస్తే ఒక్కోదాన్నుంచీ 1,200 పోతాయి. రెండూ ఒకేలా ఉంటే మొత్తం కలిపి 1,200 పోతాయి, వాటి సంఖ్య నిష్పత్తిలో: పెద్ద జాతి నుంచి 1,000, చిన్న జాతి నుంచి 200. పెద్దదానికి ఆదా అయింది 200 ప్రాణాలు, అంటే నూటికి రెండు. చిన్నదానికి ఆదా అయింది 1,000, అంటే సగం! సంఖ్యలో తేడా అయిదు రెట్లు, లాభంలో తేడా ఇరవై అయిదు రెట్లు. సంఖ్యల వర్గానికి (స్క్వేర్‌కి) విలోమ నిష్పత్తిలో లాభం. జీవ పరిణామానికి ఇలా అంకెలతో నమూనా కట్టినవాళ్లలో ముల్లర్ అందరికన్నా ముందు వరసలో ఉన్నారు. ఆ వ్యాసాన్ని రాఫెల్ మెల్డోలా వెంటనే ఇంగ్లీషులోకి తెచ్చారు. దెస్తేర్రో కాలేజీ బోర్డు మీద సుద్దముక్కతో నిష్పత్తులు చెప్పిన చెయ్యే ఇదీ రాసింది. తరగతి వేరు, పరిశోధన వేరు అని మనం అనుకుంటాం గానీ ఆయన విషయంలో ఆ గీత కనపడదు.

1880లో ఇతాజాయీకి పెద్ద వరద వచ్చింది. ముల్లర్ ప్రాణాలతో బయటపడ్డారని విని డార్విన్ కంగారుపడి, పుస్తకాలో పరికరాలో పోయి ఉంటే కొనుక్కోవడానికి డబ్బు పంపుతానని జర్మనీలో ఉన్న ముల్లర్ ఇంకో తమ్ముడు హెర్మన్ ముల్లర్‌కి రాశారు. ముల్లర్ పుచ్చుకోలేదు. ఆ హెర్మన్ కూడా సామాన్యుడు కాదు, పువ్వులకీ కీటకాలకీ ఉన్న సంబంధం మీద పెద్ద పుస్తకం రాసిన బడిపంతులు. 1882లో డార్విన్ పోయారు, 1883లో హెర్మన్ పోయారు. ఎవరికి రాస్తే మర్నాడు మళ్లీ రాయాలనిపిస్తుందో ఆ ఇద్దరూ ఏడాది తేడాలో లేకుండాపోయారు.

తర్వాత బ్రెజిల్‌లో రాజు పోయి గణతంత్రం వచ్చింది. మ్యూజియం కొత్త నియమం పెట్టింది: ఉద్యోగులంతా రియోలోనే కాపురముండాలి. డెబ్బై ఏళ్ల దగ్గర పడ్డ ముల్లర్ తన అడవి వదిలి రానన్నారు. 1891లో ఉద్యోగం తీసేశారు. లెక్కేస్తే ప్రమాణం చేయనందుకు ఒకటి, మతం లేనందుకు ఒకటి, ఊరు వదలనందుకు ఒకటి, మూడు బతుకుతెరువులు పోగొట్టుకున్నారు. బాన్, ట్యూబింగెన్ విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి గానీ వాటితో పొయ్యి వెలగదు. 1894లో కరోలినా పోయారు. 1897 మే 21న బ్లూమెనావ్‌లో ముల్లర్ కన్నుమూశారు. ఆయన ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

ఇక సెమినార్ సంగతి. జీవిత చరిత్రంతా చెప్పబోతే పదిహేను నిమిషాలు చాలవు, వినేవాళ్లకీ పట్టదు. మీ అమ్మాయిని వలస, ప్రమాణం గొడవ రెండు నిమిషాల్లో ముగించి, సీతాకోకచిలుకల లెక్కని బోర్డు మీద తానే వేసి చూపించమనండి. 10,000, 2,000 బదులు వేరే అంకెలు క్లాసులోవాళ్లనే అడిగి వేస్తే ఇంకా మంచిది. రెండు జాతులూ సమానంగా ఉంటే ఏమవుతుందో కూడా అడగాలి. మీరు తీరానికి దగ్గర్లో ఉంటే ఒక ఓసిపోడ్ పీతనీ, హేచరీలో తెలిసినవాళ్లుంటే ఒక చిన్న సీసాలో నాప్లీనీ తీసుకెళ్లి మైక్రోస్కోపు కింద పెట్టమనండి. నాప్లి కొన్ని గంటల్లోనే రూపం మార్చుకుంటూ పోతుంది, కాబట్టి సెమినార్ రోజు పొద్దున్నే తేవాలి. డార్విన్‌తో ఆయన ఉత్తరాలు, పుస్తకం ఇంగ్లీషు అనువాదం నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పీతల ఊపిరి మీద ఉన్న అధ్యాయం ముందు చదవమనండి, పుస్తకం మొత్తంలో అన్నిటికన్నా తేలిగ్గా అర్థమయ్యేది అదే.